లారా 1.9 టీడీఐ రీమ్యాప్: ఒకసారి చదివిన ఈసీయూ ఫైలు మరోసారి చదివిన దానితో కలవడం లేదు

హన్మకొండ_లారా
నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2009 మోడల్ స్కోడా లారా 1.9 టీడీఐ ఉంది. 105 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు, అయిదు గేర్లు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, స్టిక్కర్ మీద బాష్ ఈడీసీ16 అని దాని రకం పేరు ఉంది. కొంతకాలంగా కారు బద్ధకంగా లాగుతోంది. ములుగు దాటి తాడ్వాయి వైపు వెళ్లేటప్పుడు లారీని దాటాలంటే రెండో గేరుకు దిగక తప్పడం లేదు. హైదరాబాద్‌లోని ఒక ట్యూనింగ్ షాపు వారు అరగంటలో 'స్టేజ్ 1' ఫైలు ఎక్కించి 135 పీఎస్ చేస్తామన్నారు గానీ, అందులో ఏయే మ్యాపులు (ఎంత డీజిల్, ఎంత గాలి అని ఈసీయూకు చెప్పే పట్టికలు) మారుస్తారని అడిగితే వ్యాపార రహస్యమన్నారు. నా కారులో ఏం రాశారో నాకే చెప్పని ఫైలు నాకు అక్కర్లేదు. ఈ రీమ్యాప్, అంటే ఈసీయూలోని ఆ అంకెలు మార్చే పని, నేర్చుకుని నేనే చేసుకుందామనుకుంటున్నాను.

ఆన్‌లైన్‌లో ఒక క్లోన్ (నకలు) కేబుల్ తెప్పించి, కారు తనిఖీ కోసం ఉండే ఓబీడీ పోర్టు ద్వారా ఒరిజినల్ ఫైలు చదివాను. జాగ్రత్త కోసం మళ్లీ చదివి పోల్చి చూస్తే ఆ ప్రతులు కలవడం లేదు. ఏ ప్రతిని నమ్మాలి? ఇక్కడి నుంచి పని ఎలా మొదలుపెట్టాలి?

ఓరుగల్లు_డీజిల్
దేన్నీ నమ్మకండి. చదవడమే సరిగా చేతకాని కేబుల్‌తో రాయడానికి పూనుకుంటే, రాత సగంలో ఆగి కారు ఇంటి ముందే నిలిచిపోతుంది. చదివేటప్పుడు బ్యాటరీ వోల్టేజ్ ఎంత ఉందో ముందు చెప్పండి.

హన్మకొండ_లారా
మల్టీమీటర్‌లో 11.9 వోల్టులు చూపింది. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంది, ఇంజిన్ ఆపి ఉంది.

ఓరుగల్లు_డీజిల్
సగం జవాబు అక్కడే దొరికింది. నిండా చార్జ్ అయిన బ్యాటరీ ఊరకే ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఫ్లాష్ (ఈసీయూ మెమరీ) చదివేటప్పుడు, ముఖ్యంగా రాసేటప్పుడు, వోల్టేజ్‌ను 13 దగ్గర నిలకడగా పట్టి ఉంచే సప్లై బ్యాటరీకి తగిలించి ఉండాలి. మామూలు షెడ్డు చార్జర్లలో చాలావాటి కరెంటు సాఫీగా ఉండదు కనుక అవి ఈ పనికి పనికిరావు. హెడ్‌లైట్లు, బ్లోయర్, స్టీరియో అన్నీ ఆపాలి. మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ఆ సప్లైని ఇన్వర్టర్ మీద నడపడం మంచిది. ల్యాప్‌టాప్ తన బ్యాటరీ మీదే నడవాలి.

హెక్స్_పిచ్చి
వోల్టేజ్ సంగతి సరే, తేడా ఎక్కడ ఉందో చూడకుండా తీర్పు చెప్పలేము. ప్రతులను హెక్స్ ఎడిటర్‌లో (ఫైలులోని బైట్లను చూపే ప్రోగ్రాములో) పక్కపక్కన పెట్టి, తేడా చెదురుమదురుగా ఉందా, ఒకేచోట గుత్తిగా ఉందా రాయండి.

హన్మకొండ_లారా
ఒకేచోట ఉంది. ఒక ప్రతిలో వరుసగా 256 బైట్లు మొత్తం ఎఫ్‌ఎఫ్ అని ఉన్నాయి. మరో ప్రతిలో అదే చోట అంకెలు ఉన్నాయి. మిగతా ఫైలంతా ఒక్కటే.

హెక్స్_పిచ్చి
అయితే ఒక ప్యాకెట్ దారిలో పోయింది, ఆ ఖాళీని సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎఫ్‌తో నింపి మీకేమీ చెప్పకుండా ఊరుకుంది. క్లోన్ కేబుళ్లతో ఇది మామూలే. అంకెలున్న ప్రతి మంచిదని కూడా అనుకోవద్దు. అందులో వేరేచోట ఒక్క బైటు తప్పు పడినా కంటికి కనబడదు. సప్లై పెట్టి మళ్లీ చదవండి. వరుసగా చదివిన ప్రతులన్నీ బైటు బైటుకూ కలిసేదాకా దాన్ని ఒరిజినల్ అని పిలవకండి. కలిసిన తర్వాత పెన్ డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి దాచుకోండి. ఇంకొక్క మాట. ఆ కేబుల్‌తో పాటు వచ్చిన సీడీలోని సాఫ్ట్‌వేర్‌ను బ్యాంకు పనులు చేసుకునే ల్యాప్‌టాప్‌లో ఎక్కించకండి. క్రాక్ చేసిన ప్రోగ్రాముల్లో ఏముంటుందో ఎవరూ హామీ ఇవ్వరు.

ఇంజెక్టర్_ఐలయ్య
ఇంత తిప్పలు ఎందుకో నాకు అర్థం కావడం లేదు. ఇరవై ఏళ్లుగా డీజిల్ బండ్ల మీదే బతుకుతున్నవాడిని. సెన్సర్ వైరు మధ్యలో పెట్టే ట్యూనింగ్ డబ్బా తెచ్చి తగిలిస్తే పది నిమిషాల్లో పికప్ వస్తుంది, నచ్చకపోతే పీకేసుకోవచ్చు. స్కార్పియోలకు ఎన్ని పెట్టానో లెక్కలేదు.

కాజీపేట_లోకో
ఐలయ్య గారూ, మీరు పెట్టే డబ్బా కామన్ రైల్‌లోని (ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలోని) ఒత్తిడిని తక్కువ చేసి ఈసీయూకు చూపిస్తుంది. అప్పుడు ఈసీయూ ఒత్తిడి పెంచుతుంది, డీజిల్ ఎక్కువ పడుతుంది. లారా 1.9లో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో పంపు ఇంజెక్టర్ ఉంటుంది, దాన్ని కామ్‌షాఫ్ట్ నొక్కుతుంది, 2,000 బార్ దాకా ఒత్తిడి ఇంజెక్టర్‌లోనే పుడుతుంది. అసలు రైలే లేదు. రైలు లేని చోట కాజీపేట వాళ్లం కూడా చేయగలిగింది ఏమీ లేదు.

ఇంజెక్టర్_ఐలయ్య
పీడీ, అంటే ఈ పంపు ఇంజెక్టర్ల ఇంజిన్ సంగతి నిజమే, ఒప్పుకున్నాను. అయితే ఒక మాట వినండి తమ్ముడూ. ఆ ఇంజిన్‌లో అందరూ పోసే ఆయిల్ పోయకండి. వోక్స్‌వ్యాగన్ 505.01 ప్రమాణం ఉన్నదే పోయాలి, లేకుంటే కామ్ లోబులు (కామ్‌షాఫ్ట్ మీది ఉబ్బులు) అరిగిపోతాయి. మీకు ముందు దాన్ని కొనుక్కున్నాయన ఏం పోశాడో ఎవరికి ఎరుక? రీమ్యాప్ కన్నా ముందు వాల్వ్ కవర్ విప్పి కామ్ చూడండి.

హెక్స్_పిచ్చి
ఐలయ్య గారి ఈ మాట బంగారం. దానికి నాది ఒకటి కలుపుతాను. ఒక్క బైటు కూడా మార్చకముందే కారు ఇప్పుడు ఎలా ఉందో లాగ్ తీయండి. వీసీడీఎస్ అనే తనిఖీ సాఫ్ట్‌వేర్‌లో మెజరింగ్ బ్లాక్ 011 తెరిస్తే ఈసీయూ కోరిన బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి), నిజంగా వచ్చిన బూస్ట్ పక్కపక్కన కనబడతాయి. 003లో గాలి పరిమాణం, 008లో డీజిల్‌ను ఏ పరిమితి ఆపుతోందన్నది, 013లో సిలిండర్ల మధ్య తేడా తెలుస్తాయి. మూడో గేరులో 1,500 నుంచి 4,000 ఆర్‌పీఎం దాకా పెడల్ పూర్తిగా తొక్కి రికార్డు చేయాలి.

నిర్మల్_ఘాట్
మూడో గేరులో 4,000 తిప్పితే వేగం వంద దాటుతుంది. రాజీవ్ రహదారి మీద ట్రాక్టర్లు, ఎదురుగా తప్పు దారిలో వచ్చే బైకులు ఉండగా ఈ సలహా ఇవ్వడం సరికాదు. ల్యాప్‌టాప్ వైపు చూస్తూ నడపడం అంతకన్నా ప్రమాదం.

హెక్స్_పిచ్చి
మీ అభ్యంతరం న్యాయమైనదే. పక్క సీటులో ఇంకొకరు కూర్చుని రికార్డు చేయాలి. డైనో (కారును ఒకేచోట నిలిపి చక్రాలు తిప్పి కొలిచే యంత్రం) అందుబాటులో ఉంటే దాని మీదే చేయాలి. 3,000 దగ్గర ఆపేసినా మనకు కావలసిన సమాచారంలో చాలా భాగం వస్తుంది.

ఆర్సీ_బుక్కు
ఇప్పటిదాకా ఎవరూ చట్టం ఊసెత్తలేదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణతో చేరిన 182ఎ(4) ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

నిర్మల్_ఘాట్
ఆర్సీలో సాఫ్ట్‌వేర్ వెర్షన్ రాసి ఉండదు కదా. రంగు మారలేదు, బాడీ మారలేదు, సీసీ మారలేదు. తేడా ఎక్కడ వచ్చినట్టు?

ఆర్సీ_బుక్కు
ఆ వాదన కోర్టులో నిలబడుతుందో లేదో చూడటానికి మొదటి ముద్దాయిగా మీరు నిలబడతారా? నా భయం పోలీసుల గురించి కాదు. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ సర్వేయర్ మార్పు సంగతి చెప్పలేదంటూ క్లెయిమ్‌కు అడ్డు తగిలే అవకాశం ఉంది, కనుక ముందే రాతపూర్వకంగా తెలియజేయడం మేలు. పైగా ఇది 2009 బండి, పదిహేనేళ్లు దాటింది. అయిదేళ్ల పొడిగింపు కోసం ఆర్టీఏ తనిఖీకి వెళ్లేటప్పుడు పొగ పరీక్ష ఉంటుంది. డీజిల్ బండికి బీఎస్-4కు ముందరిదైతే 2.45, బీఎస్-4 అయితే 1.62 అన్నది పొగ సాంద్రత పరిమితి. నల్లపొగ కక్కే ఫైలుతో అది దాటదు.

జగిత్యాల_రెంచ్
పొగ వస్తేనే కదా పవర్ వచ్చినట్టు తెలిసేది! మా దగ్గర ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వ్) కూడా మూసేస్తారు, ఆ తర్వాత బండి ఉరుకుతుంది.

ఓరుగల్లు_డీజిల్
ఈ రెండు నమ్మకాలూ తప్పే. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు ఈజీఆర్ వాల్వ్ ఎలాగూ మూసుకునే ఉంటుంది, కాబట్టి దాన్ని శాశ్వతంగా మూస్తే ఫుల్ లోడ్‌లో పవర్ పెరగదు. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం పెరుగుతాయి. మసి పట్టి ఇరుక్కుపోయిన వాల్వ్‌ను మూసేస్తే పికప్ వచ్చినట్టు అనిపించవచ్చు, కానీ శుభ్రం చేసినా అంతే వస్తుంది. ఇక నల్లపొగ అంటే సరిగా కాలకుండా బయటికి పోయిన డీజిల్. డబ్బు పోసి మసి కొనుక్కోవడం.

జగిత్యాల_రెంచ్
మా మేస్త్రీకి ఈ మాట చెబితే ఇక నా బండి ముట్టుకోడు.

హన్మకొండ_లారా
లాగ్ తీశాను, మా తమ్ముడు పక్కన కూర్చుని రికార్డు చేశాడు. 2,500 దగ్గర ఈసీయూ 2,150 మిల్లీబార్లు కోరుతుంటే వచ్చింది 1,780 మాత్రమే. గాలి ఒక్కో స్ట్రోక్‌కు 720 మిల్లీగ్రాములు. ఎర్రర్ కోడ్ అడిగితే పీ0299 అని వచ్చింది. 013లో నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగానే ఉన్నాయి. ఐలయ్య గారు చెప్పినట్టు వాల్వ్ కవర్ కూడా విప్పించి చూశాము, కామ్ లోబుల మీద గాట్లు లేవు.

హెక్స్_పిచ్చి
కథ ఇక్కడే ఉంది. డీజిల్ పొగ లేకుండా కాలాలంటే బరువులో దాని కంటే కనీసం 17 రెట్లు గాలి ఉండాలన్నది చాలామంది ట్యూనర్లు పాటించే హద్దు. 720ని 17తో భాగిస్తే 42 మిల్లీగ్రాములు. అంతకన్నా ఎక్కువ డీజిల్‌ను స్మోక్ లిమిటర్ అనే మ్యాపు పోయనివ్వదు. మీ కారు పీ0299 చూపిస్తోందంటే బూస్ట్ తక్కువగా ఉందని ఈసీయూ స్వయంగా మొరపెట్టుకుంటోంది. ఈ స్థితిలో ఆ షాపు వారి ఫైలు ఎక్కించి ఉంటే, గాలి లేని చోట డీజిల్ పోసి పొగబండి చేసి పంపేవారు.

ఓరుగల్లు_డీజిల్
టర్బో వేన్లను (లోపలి రెక్కలను) కదిపేది వాక్యూమ్. ఎన్75 అనే సోలనాయిడ్ ఆ వాక్యూమ్‌ను పంచుతుంది. మన ఎండలకు, ఇంజిన్ వేడికి ఆ సన్నటి రబ్బరు పైపులు ఎండి, పగిలి, మూతుల దగ్గర లూజ్ అవుతాయి. వాక్యూమ్ పంపు నుంచి ఎన్75 దాకా, అక్కడి నుంచి టర్బో యాక్చుయేటర్ దాకా ప్రతి ముక్కనూ వంచి చూడండి. తర్వాత ఇంటర్‌కూలర్ పైపుల జాయింట్ల దగ్గర నూనె మరకలున్నాయేమో చూడండి.

హన్మకొండ_లారా
ఎన్75 దగ్గరి పైపు అడుగు భాగంలో పగిలి ఉంది. పైనుంచి చూస్తే కనబడలేదు, చేత్తో తడిమితే తెలిసింది. ఆటోనగర్‌లో గుడ్డ అల్లిక ఉన్న వాక్యూమ్ పైపు మీటరు లెక్కన దొరికింది, అన్నీ మార్చేశాను. ఇప్పుడు 2,500 దగ్గర 2,120 మిల్లీబార్లు, 860 మిల్లీగ్రాముల గాలి వస్తున్నాయి. ఒక్క బైటు మార్చకుండానే కారు వేరే కారులా లాగుతోంది.

ఇంజెక్టర్_ఐలయ్య
చూశారా, కంప్యూటర్ లేకుండానే అయిపోయింది.

కాజీపేట_లోకో
ఆ కంప్యూటర్ లాగ్ చూపించబట్టే కదా ఐలయ్య గారూ పైపు దాకా వెళ్లింది!

నిర్మల్_ఘాట్
సమస్య తీరిపోయింది కనుక ఇక రీమ్యాప్ ఎందుకు? ఆ 860ని 17తో భాగిస్తే 50 మిల్లీగ్రాములు. స్టాక్ (కంపెనీ) ఫైలుకు అంత చాలు.

హన్మకొండ_లారా
పవర్ కోసం మొదలుపెట్టిన మాట నిజమే గానీ, ఇప్పుడు ఆ ఫైలులో ఏముందో తెలుసుకోవాలన్న ఆసక్తి పెరిగింది. సప్లై పెట్టి చదివిన ప్రతులు ఇప్పుడు అక్షరం తేడా లేకుండా కలుస్తున్నాయి. మ్యాపులను ఎలా వెతకాలో చెప్పండి. 250 న్యూటన్ మీటర్లు 2500గా రాసి ఉంటుందని, అంటే హెక్స్‌లో 09 సీ4 అని వెతకమని ఒకచోట చదివాను. దొరకలేదు.

హెక్స్_పిచ్చి
స్కేల్ మీరన్నదే, అంకెను పదితో భాగిస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి. అయితే ఈడీసీ16 లెక్కపెట్టేది సిలిండర్ లోపల పుట్టే టార్క్‌ను. ఇంజిన్ సొంత ఘర్షణకు పోయేది కూడా అందులో కలిసి ఉంటుంది. అందువల్ల లిమిటర్ మ్యాపులో 250 కన్నా పెద్ద అంకెలు కనబడతాయి. అంకెను వెతకకండి, ఆకారాన్ని వెతకండి. ముందు అడ్డం ఎన్ని గడులు, నిలువు ఎన్ని గడులు అన్న రెండు అంకెలు, ఆ వెంటనే క్రమంగా పెరిగే ఆర్‌పీఎం వరుస, తర్వాత రెండో అక్షం, ఆపైన డేటా ఉంటాయి. ఈడీసీ16లో పెద్ద బైటు ముందు వస్తుంది, పాత ఈడీసీ15లో చిన్న బైటు ముందు. ఎడిటర్‌లో ఈ క్రమం తప్పుగా పెట్టుకుంటే అంతా ఇసుక చల్లినట్టు కనబడుతుంది.

ఈడీసీ15లో పెడల్ తొక్కితే నేరుగా డీజిల్ పరిమాణం అడిగేవారు. ఈడీసీ16లో పెడల్ టార్క్‌ను అడుగుతుంది. ఆ టార్క్‌ను ఒక మ్యాపు డీజిల్‌గా మారుస్తుంది, దారిలో టార్క్ లిమిటర్, స్మోక్ లిమిటర్ రెండూ కోత పెడతాయి. పెడల్ ఎంత టార్క్ అడగాలో చెప్పే 'డ్రైవర్ విష్' మ్యాపు ఒక్కటే పెంచి 'ఏమీ మారలేదు' అని వాపోయేవారు ఈ గొలుసు చూడనివారే.

గోదావరిఖని_ఆర్డుయినో
చేయి తిరగాలంటే బతికున్న కారు మీద కాకుండా స్పీడుయినో మీద మొదలుపెట్టమని నా సలహా. ఆర్డుయినో మెగా 2560 బోర్డు మీద నడిచే ఓపెన్ సోర్స్ ఈసీయూ అది. సిమ్యులేటర్ పెట్టి టేబుల్ మీదే క్రాంక్ సిగ్నల్ ఇచ్చి ఇంజెక్టర్ పల్సులు చూడవచ్చు. నేను ఒక పాత మారుతి 800 ఎంపీఎఫ్ఐకి బిగిస్తున్నాను. విడి భాగాలు కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి.

హెక్స్_పిచ్చి
మంచి మాట, కానీ అది పెట్రోలు ఇంజిన్లకు నప్పుతుంది, పీడీ డీజిల్‌ను నడపడం దాని వల్ల కాదు. లారా వారికి ఇంకో దారి ఉంది. తుక్కు సామాను వారి దగ్గర అదే రకం ఈసీయూ ఒకటి కొని, టేబుల్ మీద 12 వోల్టులిచ్చి చదవడం, రాయడం సాధన చేయండి. ఇమ్మొబిలైజర్ (దొంగతనం అడ్డుకునే ఎలక్ట్రానిక్ తాళం) వల్ల అది మీ కారును స్టార్ట్ చేయదు, పాడైనా నష్టం లేదు. మూత విప్పితే బోర్డు మీద బీడీఎం అనే 14 చుక్కల వరుస కనబడుతుంది. ఓబీడీ రాత మధ్యలో తెగినా ఆ దారిన ప్రాసెసర్‌ను నేరుగా పట్టుకుని మళ్లీ రాయవచ్చు. పక్కనే 95 సిరీస్ ఈప్రామ్ చిప్ ఉంటుంది. తాళం చెవి వివరాలు అందులోనే ఉంటాయి కనుక దాని ప్రతి కూడా దాచుకోవాలి.

ఆర్సీ_బుక్కు
ఈ ఫైళ్లు తెరిచి చూడటమే నేరమని కొందరు కంపెనీ వారు భయపెడుతుంటారు. దాని గురించి కూడా ఎవరైనా రాస్తే బాగుండును.

కాజీపేట_లోకో
తెరిచి చూసేవాళ్లు ఉండబట్టే కొన్ని నిజాలు బయటపడ్డాయి. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ వోక్స్‌వ్యాగన్ డీజిల్ మోసాన్ని ప్రకటించింది. ఆ డిసెంబరులోనే ఫెలిక్స్ డోమ్కె అనే జర్మన్ తన సొంత కారులోని ఈడీసీ17 కోడ్‌ను విప్పి, పరీక్షను గుర్తుపట్టే లెక్క ఎక్కడుందో హాంబర్గ్‌లోని హ్యాకర్ల సభలో చూపించాడు. అమెరికాలో అదే ఏడాది అక్టోబరులో, సొంత బండి సాఫ్ట్‌వేర్‌ను మరమ్మతు కోసమో, మార్చుకోవడానికో తెరవడానికి కాపీరైట్ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చారు. అది అక్కడి చట్టం, కాలుష్య నియమాల నుంచి మినహాయింపు కాదు.

మంచిర్యాల_పోలో
నాది బీఎస్-6 పోలో 1.0 టీఎస్‌ఐ. ఇదే పద్ధతి దానికి పనిచేస్తుందా?

హెక్స్_పిచ్చి
పనిచేయదు. కొత్త తరం ఈసీయూలు ఫైలు మీద డిజిటల్ సంతకం సరిచూస్తాయి. చెక్‌సమ్ (ఫైలు చెడలేదని సరిచూసే మొత్తం) ఒక్కటి సరిచేస్తే ఒప్పుకోవు. ఓబీడీ ద్వారా 'చదివాను' అని చెప్పే టూల్ చాలాసార్లు మీ ఈసీయూ నంబరు చూసి సర్వర్ నుంచి ఫైలు దింపి ఇస్తుంది, అది మీ కారులోనిది కాదు. పైగా టర్బో పెట్రోలుకు నాక్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలడం) భయం ఉంది. విదేశీ ఫోరంలో దొరికే ఫైలు మన బంకుల్లోని మామూలు పెట్రోలుకు కాకుండా 98 ఆక్టేన్‌కు రాసినదై ఉండవచ్చు. వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

హన్మకొండ_లారా
నా ప్రణాళిక ఇది. టార్క్‌ను 2,000 పైన మాత్రమే 290 దాకా, బూస్ట్ కోరికను 2,450 మిల్లీబార్ల దాకా పెంచాలనుకుంటున్నాను. స్మోక్ లిమిటర్‌ను 17 దగ్గరే ఉంచుతాను.

ఓరుగల్లు_డీజిల్
టార్క్ విషయంలో సంయమనం మెచ్చుకోదగినది. 2,000 కింద పెంచకపోవడమే మంచిది, అక్కడ టర్బోకు ఎగ్జాస్ట్ చాలదు, భారమంతా డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ మీద, కనెక్టింగ్ రాడ్ల మీద పడుతుంది. మీ గేర్‌బాక్స్ కుటుంబం పేరు ఎంక్యూ250. ఆ అంకె న్యూటన్ మీటర్లే. 290 మోస్తుంది గానీ, పాత క్లచ్ నాలుగో గేరులో జారడం మొదలైతే ఆశ్చర్యపోకండి.

బూస్ట్ మాత్రం తగ్గించండి. మీ మ్యాప్ సెన్సర్ (బూస్ట్ కొలిచే సెన్సర్, ఫైలులోని మ్యాపు కాదు) 2.5 బార్ల దాకానే కొలుస్తుంది. 2,450 కోరితే, టర్బో ఒక్క క్షణం హద్దు దాటినా ఈసీయూకు కనబడదు, పీ0234 (బూస్ట్ ఎక్కువైందనే కోడ్) ఇచ్చి కాపాడాల్సిన చోట కాపాడలేకపోతుంది. 2,250 దగ్గర ఆగండి. చలికాలం లాగ్ చూసి మే నెలకు ఫైలు రాయకండి. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 9 శాతం తక్కువ. ఆ లోటు పూడ్చడానికి టర్బో ఇంకా గట్టిగా తిరుగుతుంది.

హన్మకొండ_లారా
2,250కి మార్చాను. స్మోక్ లిమిటర్, టార్క్ లిమిటర్ దొరికాయి, అయితే అదే ఆకారం ఫైలులో ఇంకోచోట కూడా కనబడుతోంది. ఏది మార్చాలి?

హెక్స్_పిచ్చి
వోక్స్‌వ్యాగన్ వర్గం ఫైళ్లలో మాన్యువల్, ఆటోమేటిక్ వంటి వేరియంట్ల కోసం మ్యాపుల గుత్తి మళ్లీ మళ్లీ ఉంటుంది. మీ కారు ఏ గుత్తిని వాడుతుందో తెలియనప్పుడు అన్నిటినీ ఒకేలా మార్చేవారు ఎక్కువ. నేనైతే ఒక గుత్తిలో ఐడిల్ స్పీడును 20 ఆర్‌పీఎం పెంచి, కారులో ఆ మార్పు కనబడుతుందో లేదో చూసి నిర్ధారించుకుంటాను. ముందు అది తుక్కు ఈసీయూలో రాసి, తిరిగి చదివి, రాసినదానితో పోల్చండి. చెక్‌సమ్ కేబుల్ సాఫ్ట్‌వేర్ సరిచేసిందా లేదా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది.

హన్మకొండ_లారా
తుక్కు ఈసీయూ కరీంనగర్‌లో ఒకరి దగ్గర ఉందట, పార్ట్ నంబరులో చివరి అక్షరం మాత్రం వేరు. సాధనకు పనికొస్తుందా?

హెక్స్_పిచ్చి
సాధనకు పనికొస్తుంది. మీ ఫైలు మాత్రం అందులో రాయకండి, దాని ఫైలు దానికే చదివి, దానికే రాయండి.